కరువు పని పోతాంది! మన అసెంబ్లీ నోరు విప్పాల!

అక్కలారా, అన్నలారా, మైదుకూరు మండలం కూలోళ్లారా!

2006 ఫిబ్రవరి 2న పక్కనున్న అనంతపురం జిల్లా బండ్లపల్లికి అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి మొదలుపెట్టిన పని ఇది. తొలివిడత 200 జిల్లాల్లో మన కడప కూడా ఉంది. కాగితాల మీద ఉపాధి హామీ. మన నోట్లో మాత్రం ఎప్పుడూ కరువు పనే. మొగోళ్లు కువైట్‌కో బెంగళూరుకో పోతే, ఇంటికాడ మిగిలిన ఆడోళ్లు తెల్లారకముందే గడ్డపార, గంప పట్టుకుని కుంట కాడికి పోయి, కొలత వేసేదాకా ఎండలో నిలబడి సంపాదించుకున్న కూలి. అడిగిన పదిహేను రోజుల్లో పని చూపాల, చూపకుంటే భృతి ఇయ్యాల. అది చట్టం.

ఆ చట్టాన్ని రద్దు చేసే బిల్లును 2025 డిసెంబరులో పార్లమెంటు పాస్ చేసింది. దాని జాగాలో వీబీ-జీ రామ్ జీ అంట. 21న రాష్ట్రపతి సంతకం కూడా అయిపోయింది. పేరులోంచి గాంధీని తీసేసినారని కొందరు బాధపడతాన్నారు. మా బాధ కూలి డబ్బులది.

125 రోజులు ఇస్తామంటాన్నారు. 100 రోజులు నిండిన జాబ్ కార్డులు మీ వీధిలో ఎన్ని ఉన్నాయో ముందు లెక్కపెట్టుకోండి. ఇన్నాళ్లూ కూలి మొత్తం కేంద్రమే ఇచ్చేది. ఇంక నూటికి 40 రాష్ట్రం వేసుకోవాల. రోజుకూలి 307 రూపాయలైతే అందులో 122 రూపాయల 80 పైసలు అమరావతి నుంచి రావాల. రాకుంటే? ఏ రాష్ట్రానికి ఎంతో ఢిల్లీనే ముందుగా లెక్క కడుతుంది, అది దాటితే ఖర్చంతా రాష్ట్రం నెత్తిన. పైగా నాట్లు, కోతల కాలమని ఏడాదికి 60 రోజులు పని బంద్. కేసీ కాలువ కింద వరి, పసుపు పెట్టినోళ్ల చేలల్లో పని ఉంటుంది, సరే. వాన మొహం చాటేసిన మెట్టచేలో ఏం కోస్తాం?

పంజాబ్ శాసనసభ డిసెంబరు 30న ఈ కొత్త చట్టాన్ని తప్పుబడుతూ తీర్మానం చేసింది. జనవరిలో తెలంగాణ చేసింది, తమిళనాడు చేసింది. మరి మనోళ్లు? ఢిల్లీ సర్కారుకు భుజం కాసేవాళ్లలో మన రాష్ట్రం ఎంపీలున్నారు. ఈ పని చూసే కేంద్ర శాఖకు సహాయ మంత్రి మన గుంటూరు ఎంపీనే. ఇంత దగ్గర కూర్చున్నోళ్లు అడగకుంటే ఇంకెవరు అడుగుతారు?

తీర్మానంతో చట్టం ఆగిపోతుందా అంటే, ఆగదు. అయినా 2021 మే 20న విశాఖ ఉక్కును అమ్మొద్దని మన శాసనసభే తీర్మానం చేసింది గదా! ఉక్కుకు లేచిన నోరు కూలికి ఎందుకు లేవదు?

వచ్చే సోమవారం 11 గంటలకు నాలుగు రోడ్ల కూడలికి రండి. పొద్దున కొలత అయినాకనే రండి, ఆ పొద్దు కూలి పోగొట్టుకోవద్దు. అక్కడి నుంచి ఎంపీడీవో ఆఫీసుకు పోయి అర్జీ ఇస్తాం. నకళ్లు ఎమ్మెల్యేకు, కడప ఎంపీకి. అందులో రెండే మాటలు: ఈ బడ్జెట్ సమావేశాల్లోనే కేంద్రానికి తీర్మానం పంపాల, మన ఎంపీలు పార్లమెంటులో లేచి పాత చట్టం అడగాల.

జాబ్ కార్డు జిరాక్సు తెచ్చుకోండి. తేదీ వేసిన రసీదు చేతికొచ్చేదాకా ఎవరూ కదలొద్దు. సంతకం రానోళ్లు వేలిముద్ర వేయొచ్చు, ఇంకు ప్యాడ్ మేం తెస్తాం.

— మైదుకూరు మండలం కరువు పని కూలీలు