వంద డాలర్ల వీరుడు

పేరుకు ఫుట్‌బాలే. కానీ అమెరికావాళ్ల ఆటలో కాళ్లకన్నా చేతులకే పని ఎక్కువ. కోలగా ఉండే బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తాలి, లేదా ముందున్న సహచరుడికి విసరాలి. ఎవరికివ్వాలో, ఎటు విసరాలో రెండు మూడు క్షణాల్లో తేల్చేవాడు క్వార్టర్‌బ్యాక్. అతను పడిపోతే సగం జట్టు పడిపోయినట్టే.

1972 అక్టోబరు 15న మయామీ డాల్ఫిన్స్ జట్టుకు అదే జరిగింది. అప్పటికి ఆడిన నాలుగు మ్యాచ్‌లూ గెలిచి మంచి ఊపుమీదుంది. శాన్‌డియాగోతో అయిదో మ్యాచ్‌లో క్వార్టర్‌బ్యాక్ బాబ్ గ్రీసీ కాలు విరిగింది. బెంచీ మీది నుంచి లేచి వచ్చింది ఎవరు? 38 ఏళ్ల ఎర్ల్ మోరల్! బాల్టిమోర్ వద్దనుకుని వదిలేస్తే, ఆ ఏడాదే మయామీ తెచ్చుకుంది. అందుకు కట్టిన రుసుము అక్షరాలా వంద డాలర్లు.

తెచ్చింది కోచ్ డాన్ షూలా. ఇద్దరిదీ పాత పరిచయం, పాత గాయం కూడా. 1968లో షూలా బాల్టిమోర్ కోచ్‌గా ఉన్నప్పుడు, గాయపడ్డ జానీ యునైటస్ స్థానంలో ఆడి జట్టును ఫైనల్ దాకా నడిపించింది మోరలే. తీరా 1969 జనవరిలో జరిగిన సూపర్ బౌల్లో మూడుసార్లు బంతిని ప్రత్యర్థుల చేతికే విసిరాడు. కోచ్ మధ్యలోనే వెనక్కి పిలిచేశాడు. న్యూయార్క్ జెట్స్ 16-7తో గెలిచింది. 1972 జనవరిలో మయామీ కోచ్‌గానూ షూలా ఫైనల్లో డాలస్ చేతిలో 24-3తో ఓడాడు.

అలాంటి ఇద్దరూ మళ్లీ కలిశారు. మోరల్ హడావుడి చేయలేదు. బంతిని లారీ సోంకా, మెర్క్యురీ మోరిస్‌ల చేతుల్లో పెట్టాడు. ఆ సీజన్లో వాళ్లిద్దరూ చెరో వెయ్యి గజాలు పరిగెత్తారు. శాన్‌డియాగో ఓడింది. తర్వాతి తొమ్మిది మ్యాచ్‌లూ మయామీవే. లీగ్ దశ 14-0! నాకౌట్‌లో క్లీవ్‌లాండూ వెనుదిరిగింది.

పిట్స్‌బర్గ్‌తో పోరులో సగం ఆట ముగిసేసరికి స్కోరు 7-7. గ్రీసీ కోలుకుని సిద్ధంగా ఉన్నాడు. షూలా మోరల్‌ను కూర్చోబెట్టి గ్రీసీని దించాడు. మయామీ 21-17తో నెగ్గింది. ఫైనల్లోనూ గ్రీసీయే అన్నాడు కోచ్. మోరల్ మనసు చివుక్కుమనే ఉంటుంది. అయినా రచ్చ చేయలేదు.

1973 జనవరి 14, లాస్ ఏంజెలెస్. ప్రత్యర్థి వాషింగ్టన్. మయామీ 14-0 ఆధిక్యంలో ఉండగా గారో యెప్రేమియన్ తన్నిన బంతిని ప్రత్యర్థులు అడ్డుకున్నారు. కంగారులో అతను దాన్ని విసరబోతే చేజారింది. వాషింగ్టన్ ఆటగాడు అందుకుని గీత దాటేశాడు. 14-7! మిగిలింది రెండు నిమిషాలు. మయామీ ఊపిరి బిగబట్టి గట్టెక్కింది.

ఆడిన 17లో 17 గెలుపులు. 2007 సీజన్లో న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ వరసగా 18 గెలిచి, ఫైనల్లో బోల్తాపడింది. ఫైనల్‌తో సహా ఓటమి, టై లేకుండా సీజన్ ముగించిన ఎన్ఎఫ్ఎల్ జట్టు ఇప్పటికీ ఆ డాల్ఫిన్స్ ఒక్కటే. ఆ పదిహేడులో పదకొండు మ్యాచ్‌లను మొదలుపెట్టింది, వంద డాలర్లకు వచ్చిన మోరల్.