తక్‌పట్టీ అడిగేటోళ్లం, లక్షలకు రసీదు అడగమా?

ఈ పోస్టు జర పొడుగున్నది. పల్లి గురించి కాదు, పల్లి అమ్మిన పైసల గురించి. ఓపిక చేసుకొని కడదాకా చదవండి.

మొన్న హోటల్ కాడ చాయ్ తాగుతుంటే ఒక పిలగాడు ఫోన్ చూపిచ్చిండు. "మామా, పల్లి పైసలు బ్యాంకుల పెడితే ఏమొస్తది? ఈ యాప్‌ల బిట్‌కాయిన్ కొను" అన్నడు. పక్కన నలుగురు తలకాయ ఊపిన్రు. ఇంకొకాయన "సర్కారే దాని మీద ట్యాక్సు తీసుకుంటున్నది, ఇంక భయమెందుకు" అన్నడు. నేను ఆడ ఏం మాట్లాడలే. ఇంటికొచ్చి ఇది రాస్తున్న.

ముందు నా తప్పు ఒప్పుకుంట. మూడేండ్ల కింద మా అక్క కొడుకు ఇట్లాంటి ఒక యాప్‌ల పైసలు పెట్టిండు. అందుల నావి 40 వేలు. ఫోన్‌ల అంకె లక్ష దాటింది. తీద్దామంటే రాలే. నాలుగు దినాలు "రిపేరు నడుస్తున్నది" అని చూపెట్టింది, తర్వాత యాపే తెరుచుకోలే. పోయి అడుగుదామంటే ఆఫీసు లేదు, ఫోన్ నంబరు లేదు. పిలగాడు ఇప్పటికీ పండుగకు మా ఇంటికి రావాల్నంటే సిగ్గుపడతడు. పైసల కంటే అదే నాకు ఎక్కువ బాధ.

"అది దొంగ యాప్ మామా, పెద్ద కంపెనీల అట్ల కాదు" అంటరు. సరే, అందరికన్న పెద్దదాని ముచ్చటే చెప్తా.

జపాన్ దేశంల టోక్యో పట్నంల మౌంట్ గాక్స్ అని ఒక ఎక్స్ఛేంజీ ఉండె. ఎక్స్ఛేంజీ అంటే కాయిన్ల అడ్తి దుకాణం అనుకోండి. 2010ల మొదలైంది. ఆ పేరు అసలు ఆట కార్డులు అమ్ముకొనే సైటు కోసం పెట్టుకున్నది. అదే పేరు మీద బిట్‌కాయిన్ దుకాణం తెరిచిన్రు, మరుసటేడు ఇంకొకాయనకు అమ్మిన్రు. 2013ల దుకాణం మంచి జోరు మీద ఉన్నప్పుడు ప్రపంచంల బిట్‌కాయిన్ బేరాలల్ల నూటికి డెబ్బై దాకా ఆడనే నడిచినయి. దానికన్న పెద్ద పేరు ఇంకేం కావాలె?

2014 ఫిబ్రవరి 7న కాయిన్లు తీసుకునుడు ఆపిన్రు. ఒకాయన లండన్ నుండి టోక్యో దాకా పోయి, మా పైసలేవి అని అట్ట పట్టుకొని ఆఫీసు ముందట నిలబడ్డడు. ఆ నెల ఆఖరుకు సైటు మాయమైంది, ఫిబ్రవరి 28న కంపెనీ దివాలా అని కోర్టుకెక్కింది. లెక్క తీస్తే 8,50,000 బిట్‌కాయిన్లు లేవు! అందుల 7,50,000 జనాలవి. తర్వాత పాత ఖాతాల 2 లక్షల దాకా దొరికినయి. మిగిలినయి 2011 సంది కొంచెం కొంచెం దొంగలు ఎత్తుకపోతనే ఉన్నరని తేలింది. అంటే గరిసె అడుగున బొక్క పడి మూడేండ్లు గింజలు కారిపోతుంటే, పైన బోర్డు మీద మాత్రం నిండుగున్నట్టే లెక్క రాసిన్రు. జనం ఫోన్‌ల, కంప్యూటర్‌ల చూసుకొని మురిసిన్రు.

పైసలు ఎప్పుడొచ్చినయి అంటరా? పంచుడు 2024 జులైల మొదలైంది. పదేండ్లు! అది కూడా పోయినంత కాదు, దొరికినదాంట్ల వాటా. "ఆలోపల ధర ఎన్నో రెట్లు పెరిగింది కద, లాభమే" అని తెలివైనోళ్లు అంటరు. ధర పెరిగింది నిజమే. మరి నువ్వు పదేండ్లు ఆగుతవా? వానకాలం విత్తనం ఆగుతదా? బిడ్డ పెండ్లి ఆగుతదా? షావుకారి మిత్తి ఆగుతదా?

మన దేశం ముచ్చటకొద్దాం. 2018 ఏప్రిల్‌ల రిజర్వ్ బ్యాంకు ఈ కంపెనీలతోని బ్యాంకులు పని పెట్టుకోవద్దన్నది. ఆ సెప్టెంబరుల జెబ్‌పే ఇక్కడి ఎక్స్ఛేంజీ బంద్ పెట్టింది, 2019 జూన్‌ల కాయినెక్స్ బంద్ అయ్యింది. అవి చెప్పి మూసినయి, అది నయం. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఆర్డరు కొట్టేసింది, దుకాణాలు మళ్ల లేచినయి. 2024 జులై 18న వజీర్‌ఎక్స్‌ల దొంగలు పడి దగ్గరదగ్గర 2,000 కోట్ల రూపాయల కాయిన్లు ఎత్తుకపోయిన్రు. సంవత్సరం మీద మూడు నెలలు జనాల కాయిన్లు అందుల్నే చిక్కినయి. ఆ పంచాయితీ యాడ నడిచింది తెలుసా? సింగపూర్ కోర్టుల. మనకు వనపర్తి కోర్టుకు పోవాల్నంటేనే ఒక దినం కూలి పోతది.

ఇగ ట్యాక్సు మాట. లాభం మీద 30 శాతం తీసుకుంటున్నది నిజమే, 2022 సంది. లాటరీ తగిలినా 30 శాతమే తీసుకుంటది. అంత మాత్రాన లాటరీకి సర్కారు జామీను ఉన్నట్టా? బ్యాంకు మునిగితే ఒక్కొక్కరికి 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉన్నది. కాయిన్ల దుకాణం మునిగితే అట్లాంటిది ఏం లేదు.

కాయిన్ ఉత్తదే అని నేను అనను. నాకంత చదువు లేదు, ఇంటర్ దాకానే. కానీ ఒక్కటి తెలుసుకున్న. కాయిన్‌కు తాళంచెవి లెక్క ఒక రహస్య అంకె ఉంటది. అది నీ దగ్గర ఉంటే కాయిన్ నీది. యాప్‌ వాని దగ్గర ఉంటే, నీకున్నది వాని మాట ఒక్కటే.

మార్కెట్ యార్డుల మనం ఏం చేస్తం? దడ్వాయి కాంటా కాడ ఒక్క కిలో తేడా వస్తే లొల్లి పెడతం. తక్‌పట్టీ చేతికి రాకుంటే అడ్తి కాడినుంచి కదలం. తూకం, ధర, హమాలీ, కమీషన్ అన్ని చూసుకుంటం. అట్లాంటి మనం, మొఖం తెలువనోనికి లక్ష రూపాయలు ఫోన్‌ల పంపి, అంకె చూసి తృప్తి పడతమా? తాత సంది వచ్చిన ఆ తెలివి ఫోన్ చేతికి రాంగనే యాడికి పోయింది?

ఊర్ల కమీషన్ కోసం జనాలను చేర్పిచ్చేటోళ్లకు కూడా చెప్తున్న. రేపు యాప్ మూతపడితే టోక్యోకు, సింగపూర్‌కు ఎవ్వడు పోడు. మీ ఇంటి ముందటికే వస్తరు. సొంత మేనత్త, మేనమామ మొఖం చూడలేని బతుకు తెచ్చుకోకండి.

పోతే పోయినయి అనుకొనే పైసలుంటే నీ ఇష్టం. విత్తనం పైసలు, అప్పు తెచ్చిన పైసలు, బిడ్డ పేరు మీద దాచిన పైసలు మాత్రం అందుల పెట్టకు. ఇప్పటికే పెట్టినోళ్లు ఇయ్యాల్నే కొన్ని బయటికి తీసి చూడండి. వస్తే మంచిదే. రాకుంటే సిగ్గుపడి దాచుకోకుండ ఎంటనే 1930కి ఫోన్ చేయండి, పోలీస్ స్టేషన్‌కు పోండి. నేను సిగ్గుపడి నెల దినాలు ఆగిన, అదే నేను చేసిన రెండో తప్పు.

మా అల్లుడు ఇది చదువుతడో లేదో. చదివితే, రేపు పండుగకు ఇంటికి రా బిడ్డా. పైసలు ఇద్దరం కలిసే పోగొట్టుకున్నం.