పొదుగువాపుకు పెరటి మందు – డాక్టరూ అందుబాటులో ఉండాలి

బర్రెకు పొదుగువాపు ఒకసారి వస్తే ఊరికే పోదు. తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెడుతుంది. చివరికి చన్ను ఎండిపోయి, అంగడిలో బర్రెకు ధర పలకదు. యాంటీబయాటిక్ సూదులు వేస్తే డాక్టర్ చెప్పినన్ని రోజులు పాలు అమ్మకూడదు, తాగకూడదు. రైతుకు మందుల ఖర్చుతోపాటు పాల నష్టం కూడా.

ఈ రోగానికి జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ప్రచారం చేస్తున్న మందు మన పెరట్లోనే దొరుకుతుంది. కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు కలిపి నూరితే ఎర్రటి ముద్ద అవుతుంది. పాలు పూర్తిగా పిండేసి, పొదుగు కడిగి, ఈ ముద్దను కొద్దికొద్దిగా నీళ్లలో కలిపి రోజుకు 8 నుంచి 10 సార్లు, 5 రోజులు పూయాలి. ఏ రోజు మందు ఆ రోజే నూరుకోవాలి.

అలాగని అన్నిటికీ ఆకు పసరే చాలదు. పాలలో చీము, రక్తం కనిపించినా, పశువు జ్వరంతో మేత మానినా వెంటనే 1962కు ఫోన్ చేయాలి. గొంతువాపు, జబ్బవాపులకు వానలకు ముందే టీకా వేయించాలి. వాతలు పెట్టడం వైద్యం కాదు, హింస.

కాగజ్‌నగర్, సిర్పూర్, బెజ్జూర్, దహెగాం మండలాల్లో పశువైద్య సిబ్బంది ఊరూరా ఈ మందు తయారీ చేసి చూపించాలి. పెరటి మందు ఉంది కదా అని డాక్టర్ పోస్టులు ఖాళీగా ఉంచితే మాత్రం సంఘం ఒప్పుకోదు. రైతుకు రెండూ కావాలి.