ర్యాంకు వేసిన తూకం

ఎప్‌సెట్ ఫలితాలు వెలువడి, వెబ్ ఆప్షన్లు ఇచ్చుకొనే దినములు వచ్చినప్పుడెల్లా మా గది ముందు చెప్పుల జతలు పెరుగుతాయి. చిన్ననాడు మా వద్ద అక్షరాలు దిద్దిన పిల్లలు తల్లిదండ్రులను వెంటబెట్టుకొని సలహా కొరకు వస్తారు. మాకు ఇంజనీరింగ్ విద్య తెలియదు. ఆ సంగతి ముందే చెబుతాము. అయినా కూర్చుంటారు.

ఈసారి వచ్చిన వారిలో ఒక దర్జీ సోదరుడు, ఆయన కుమార్తె ఉన్నారు. తండ్రి చేతిలో ఒక కళాశాల వారి రంగుల కరపత్రం. దానిపై ‘101’ అనే జాతీయ ర్యాంకు అరచేయంత అంకెలతో అచ్చయి ఉన్నది. కళాశాల నగరంలో ఉన్నది. ఫీజు రీయింబర్స్‌మెంటు పోను మిగిలిన సొమ్ముకు, హాస్టలు ఖర్చుకు ఆయన తన రెండు కుట్టుమిషన్లనూ అమ్ముకోవలసి వస్తుంది. ఆయన అందుకు సిద్ధమే. కూతురు కాదు.

“హజరత్, ఆ ర్యాంకు దేనిని చూసి వేశారో అబ్బాకు తెలియదు, నాకూ తెలియదు. తెలియని దాని కోసం మిషన్లు ఎందుకమ్మాలి?” అని అడిగింది. తండ్రి చిన్నబుచ్చుకున్నాడు. మాకు మాత్రం ఆ ప్రశ్నలో అవిధేయత కనిపించలేదు. బజారులో తూనికరాళ్లు సరియైనవో కావో చూసుకొమ్మని ఇన్నేళ్లుగా బోధిస్తున్న మేము, ఈ తూకం విషయంలో కళ్లు మూసుకొమ్మని ఎలా చెప్పగలము? రెండు దినములు గడువడిగి, మా పూర్వ విద్యార్థి ఒకరి సహాయంతో ఆ లెక్కలు చదివాము.

కేంద్ర ప్రభుత్వం 2015లో ఎన్.ఐ.ఆర్.ఎఫ్. అనే పద్ధతిని ప్రారంభించి, 2016లో తొలి జాబితా ప్రకటించింది. ఇంజనీరింగ్ విభాగంలో కొన్ని సంవత్సరాలుగా నడుస్తున్న పంపకం ఇది: వందలో బోధన, వనరులకు 30, పరిశోధనకు 30, చదువు ముగించిన వారి ఫలితాలకు 20, అన్ని వర్గాలకూ చోటివ్వడానికి 10, విద్యావేత్తలలో, ఉద్యోగాలిచ్చే వారిలో ఉన్న పేరు ప్రతిష్ఠలకు 10. ఒక పేద బాలిక బి.టెక్. చదువుకు పరిశోధనా పత్రాల సంఖ్య ఎంతవరకు ఉపకరిస్తుంది? ఆ పత్రాలు వ్రాసిన ఆచార్యుడు మొదటి సంవత్సరం తరగతిలో అడుగు పెట్టకపోవచ్చు కూడా. ఇక పేదలకు చోటివ్వడమన్నది ఆ చివరి పదులలో ఒకదానిలో, ఇతర రాష్ట్రాల విద్యార్థులతో, స్త్రీల సంఖ్యతో, వికలాంగుల సౌకర్యాలతో కలిసి సర్దుకోవాలి. చుట్టుపక్కల మండలాల పిల్లలను మాత్రమే చేర్చుకొని, వారిని ఓపికగా నిలబెట్టే కళాశాలకు ఈ తూకంలో దక్కేది స్వల్పం. పేరున్న వారికి పేరు కొరకే మార్కులు రావడం మరొక విచిత్రం.

కరపత్రంలోని ‘101’ గుట్టు కూడా తెలిసింది. నూరు దాటిన తరువాత విడి ర్యాంకులు లేవు. 101 నుండి 150 వరకు ఒకే వరుస. ఆ ‘150’ని కరపత్రం అడుగున చీమ తలకాయంత అక్షరాలలో వేశారు. దీనిని అబద్ధమనలేము, నిజమని కూడా మాకు నోరు రావడం లేదు. ఇంటర్మీడియెట్ ఫలితాల నాడు టీ.వీ.లో ‘ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు’ అని గుక్క తిప్పుకోకుండా చదివే ప్రకటనలు వింటూ పెరిగిన పిల్లలకు ఇది క్రొత్త కాదు. తల్లిదండ్రులమే ఇంకా మోసపోతున్నాము.

ఇది మన ప్రాంతపు జాడ్యం మాత్రమే కాదు. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం ఒక ప్రసిద్ధ జాబితాలో రెండవ స్థానంలో ఉండేది. 2022లో అక్కడి గణితాచార్యుడే, మైకేల్ థాడియస్ అనే ఆయన, తన సంస్థ సమర్పించిన అంకెలు సరిపోలడం లేదని వివరంగా వ్రాశాడు. తరగతి గదిలో ఎందరుంటారు, అధ్యాపకుల అర్హతలేమిటి వంటి విషయాలలోనే తేడాలు బయటపడ్డాయి. విశ్వవిద్యాలయం పొరపాటు అంగీకరించింది. ఆ ఏడు సెప్టెంబరులో దాని స్థానం 18. భవనాలు అవే, ఆచార్యులు వారే, పిల్లలు వారే! తరువాత విద్యార్థులు న్యాయస్థానానికి వెళ్లగా, 2025లో 90 లక్షల డాలర్లు చెల్లించడానికి సంస్థ ఒప్పుకున్నది. సొంత ఇంటి లెక్కను ప్రశ్నించిన ఆ ఆచార్యుని ధైర్యాన్ని మేము చాలాసేపు తలచుకున్నాము.

మా మదరసాకు ఏ ర్యాంకూ లేదు గనుక మాకీ మాటలు తేలికేనని ఎవరైనా అనవచ్చు. అననివ్వండి. మా పరంపరలో ఇజాజత్‌ను భవనం ఇవ్వదు, గురువు ఇస్తాడు. పూర్వపు పండితుల చరిత్రలు తెరిస్తే, ఎవరి వద్ద ఏ గ్రంథం చదివారన్నదే ముందు కనిపిస్తుంది. అలాగని ర్యాంకులన్నీ చెత్తబుట్టలో వేయమని మేము చెప్పడం లేదు. ఎన్.ఐ.ఆర్.ఎఫ్.లో పాల్గొనే సంస్థ తాను సమర్పించిన వివరాలను తన వెబ్‌సైటులో ఉంచాలి. ఎందరు చేరారు, ఎందరు సకాలంలో ఉత్తీర్ణులయ్యారు, ఎందరికి ఉద్యోగాలు వచ్చాయి, మధ్యస్థ వేతనమెంత, అధ్యాపకులెందరు అన్నవి అక్కడ దొరుకుతాయి. మాకు ర్యాంకు కంటె ఆ కాగితం విలువైనదనిపించింది.

మూడవ దినమున వారిరువురూ వచ్చారు. మేము చదివినది చెప్పి, ఆ నగర కళాశాల వివరాలను, వారి ఊరికి పన్నెండు కిలోమీటర్ల దూరంలోని కళాశాల వివరాలను ప్రక్కప్రక్కన పెట్టాము. ఊరి దాపున ఉన్న కళాశాలలో ఉద్యోగాలు తక్కువే. దానిని దాచలేదు. అయితే ఆ అమ్మాయి కోరుకున్న శాఖలో అధ్యాపకుల సంఖ్య రెండింటిలో దాదాపు సమానం. తండ్రి ఆ గడి మీద వ్రేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

“వీళ్లు నిజంగా తరగతికి వస్తారా, హజరత్?” అన్నాడు.

అది మా కాగితంలో లేదు. కూతురు నోటుపుస్తకం తీసి ఆ ప్రశ్నను కూడా వ్రాసుకున్నది. పై వరుసలో అప్పటికే ఆరు ప్రశ్నలున్నాయి: ప్రయోగశాల సాయంత్రం ఎంతవరకు తెరచి ఉంటుంది, బస్సు పాసు ఇస్తారా, నమాజుకు చోటున్నదా, మొదటి ఏడు తప్పిన వారికి ఎవరైనా మళ్లీ చెబుతారా... మరునాడు ఉదయం బస్సులో ముందు దగ్గరి కళాశాలకు, ఆదివారం దాటాక నగరానికి వెళ్లి, అక్కడ చదువుతున్న పిల్లలనే అడిగి వస్తామన్నారు. ఆప్షన్లకు ఇంకా అయిదు దినములున్నవి. మిషన్లకు బేరం వచ్చిన వ్యక్తిని అంతవరకు ఆగమని తండ్రి మా ముందే ఫోనులో చెప్పాడు.