ఆ ఎడారి ఖాళీదని ఎవరన్నారు?

అణుబాంబు పాఠంలో హిరోషిమా, నాగసాకి చెప్పి పుస్తకం మూసేస్తాం. అమెరికాలోని నెవాడా ఊసే ఎత్తం. 1951 నుంచి 1992 దాకా అక్కడ 928 అణు పరీక్షలు జరిగాయి. అందులో 100 భూమి పైనే.

ఆ పేలుళ్లలో కొన్ని జనాన్ని కాపాడటానికేనట! 1955 మే 5న 29 కిలోటన్నుల బాంబు ముందు ఒక ఊరే కట్టారు. ఇళ్లు, సామాన్లు, బట్టలు తొడిగిన బొమ్మ మనుషులు, తలదాచుకునే నేలమాళిగలు. 1957 జూన్ 24న జరిగిన ప్రిసిల్లా పరీక్షలో కాంక్రీటు గుమ్మటాలు, భూగర్భ గదులతో పాటు బ్యాంకు ఖజానా గదినీ పెట్టి చూశారు. డబ్బుకు కూడా రక్షణ కావాలి మరి!

ఆ సైన్సుతో నాకు పేచీ లేదు. మూడడుగుల మట్టి కప్పితే బూడిద నుంచి వచ్చే గామా కిరణాలు సుమారు వెయ్యో వంతుకు తగ్గుతాయి. పిల్లలకు చెప్పాల్సిన మాటే. నా పేచీ ఆ నేల గురించి.

అది పశ్చిమ షోషోనీ ఆదివాసులది. 1863 రూబీ వ్యాలీ ఒప్పందంలో దారులకు, రైలుకు, గనులకు ఒప్పుకున్నారు గానీ భూమి రాసివ్వలేదు. 1979లో సుమారు 2.6 కోట్ల డాలర్ల పరిహారం అన్నారు. మాకొద్దు, నేల కావాలి అన్నారు వీళ్లు. పశువులు మేపుకునే డాన్ అక్కచెల్లెళ్లు సుప్రీంకోర్టు దాకా పోరాడారు. 1985లో కోర్టు ఏమంది? డబ్బు ఖజానాలో జమ అయింది కాబట్టి చెల్లించినట్టే అంది. ఇచ్చేదీ సర్కారే, పుచ్చుకునేదీ సర్కారే!

గాలి లాస్ వెగాస్ వైపు వీచని రోజు చూసి బాంబు పేల్చేవారు. బూడిద ఉత్తరానికీ తూర్పుకీ పోయేది. అందులోని అయోడిన్-131 గడ్డి మీద పడి, పాలలో చేరి, పిల్లల గొంతులోని థైరాయిడ్ గ్రంథికి చేరుతుంది. కుందేళ్లను వేటాడి తినే షోషోనీల సంగతి ఎవరడిగారు? శత్రువు వేస్తాడో లేదో తెలియని బాంబుకు నేలమాళిగ కట్టారు. కళ్లముందే పేలిన బాంబులకు ఆ పల్లెల్లో ఏ నేలమాళిగా లేదు.

ఖాళీ నేల అనే మాట మనకు కొత్తా? మన పోడు రికార్డుల్లో ఏమని ఉందో తండ్రుల్ని అడగండి, తమ్ముళ్లూ. నల్లమలలో యురేనియం అన్నప్పుడు చెంచు పెంటలు ఎవరికి కనిపించాయి? జనం అడ్డం తిరిగాకే 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానించింది.

మాస్టార్లూ, ఈసారి ఆ పాఠం వచ్చినప్పుడు బల్ల మీద నెవాడా పటం గీయండి. గాలి పోయిన వైపు బాణం గుర్తు పెట్టండి. డక్‌వాటర్ అనే షోషోనీ ఊరు ఎక్కడుందో పిల్లలనే వెతకమనండి.