పిల్లల్ని నదికి తీసుకెళ్తే ఏం చూపించాలి?

చలికాలం వస్తే చాలు, మా వైపు బడులు పిల్లల్ని బస్సెక్కించి "నదులు, చెరువుల అధ్యయనం" అంటూ బయల్దేరతాయి. మంచిదే. కానీ తిరిగొచ్చాక పిల్లల నోటుపుస్తకంలో ఏముంటుంది? "గంగ పవిత్రమైన నది. దాన్ని మనం కాపాడుకోవాలి." ఈ మాట బస్సెక్కకముందే పాఠంలో ఉంది. దీనికోసం నదిదాకా వెళ్ళాలా?

నేను సైన్సు చదవలేదు. బీకాం చదివి రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. మా దగ్గర స్టాక్ వెరిఫికేషన్ అని ఒకటుంటుంది. లెడ్జర్లో రాసిన అంకెకి తగ్గ సరుకు గోడౌన్లో ఉందా లేదా అని లెక్కపెట్టి చూడటం. లెడ్జరు చూసి లెడ్జరు సరిగ్గా ఉందని సంతకం పెడితే దాన్ని వెరిఫికేషన్ అనరు. మన బడుల నదీయాత్రలు చాలావరకు అలాంటి సంతకాలే.

గార్డెన్ రీచ్ పేరు తెలుగువాళ్ళకి కొత్త కాదు. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఇక్కడే. 2003 దాకా వాల్తేరు డివిజను దాని కిందే ఉండేది. ఇక్కడి హుగ్లీ గురించి ఒక పాత నమ్మకం ఉంది. కిదిర్‌పూర్ దగ్గర ఆదిగంగ విడిపోయి కాళీఘాట్ మీదుగా పోతుంది. అసలు గంగ అదేనట. అక్కణ్ణుంచి సాంక్రాయిల్ దాకా, అంటే గార్డెన్ రీచ్ ముందు పారేది, మనుషులు తవ్విన "కాటి గంగ" అట. కాబట్టి దానికి పవిత్రత లేదట!

మరి హుగ్లీలో రోజుకి రెండుసార్లు ఆటుపోట్లు వస్తాయి కదా. పోటు వచ్చినప్పుడు ఈ "అపవిత్ర" జలం వెనక్కి తిరిగి కిదిర్‌పూర్ దాటి హౌరా వైపు పోతుంది. ఆటు వేళ అక్కడి "పవిత్ర" జలం ఇక్కడికి వస్తుంది. హద్దు ఎక్కడ గీస్తారు? ఒడ్డున రెండు గంటలు నిలబడి, ఒక చెక్కముక్క నీళ్ళలో వేసి అది ఎటు పోతుందో గమనిస్తే ఆరో తరగతి పిల్లవాడికి కూడా ఈ ప్రశ్న తడుతుంది.

తర్వాత అదే బస్సులో ఆదిగంగకి తీసుకెళ్ళండి. 1770లలో టాలీ అనే ఇంగ్లీషు అధికారి పూడిక తీయించి పడవలకి తెరిచిన కాలవ ఇది. టాలీగంజ్ పేరు ఆయనదే. ఇప్పుడది నల్లటి మురుగు. దాని మధ్యలోనే మెట్రో రైలు స్తంభాలు నాటారు. "అసలు గంగ"కి భక్తి కలిగించిన రక్షణ ఇంతే.

చివరికి నగరానికి తూర్పున ఉన్న చెరువులకి తీసుకెళ్ళండి. కలకత్తా మురుగు అక్కడికి పోతుంది. లోతు తక్కువ చెరువుల్లో ఎండ తగిలి నాచు పెరుగుతుంది, నాచు ఆక్సిజన్ ఇస్తుంది, బాక్టీరియా మురుగుని విడగొడుతుంది, చేపలు పెరుగుతాయి. సుమారు 12,500 హెక్టార్ల ఈ ప్రాంతం 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. ఇంజనీరు ధ్రువజ్యోతి ఘోష్ దీని విలువ లోకానికి చాటాడు. చూడండి, పవిత్రమైనది మురుగైంది, మురుగేమో శుభ్రపడి అన్నం పెడుతోంది. ఇందులో మహిమ లేదు. జాలర్ల అనుభవం, సూర్యరశ్మి, జీవశాస్త్రం ఉన్నాయి.

ఈ మూడు చోట్లా కొలవడానికి ఏం కావాలి? థర్మామీటరు, పీహెచ్ కాగితం, ఆక్సిజన్ కొలిచే చిన్న కిట్టు. ఇంకొకటి, నీళ్ళలో మలకాలుష్యం ఉంటే ఒకటి రెండు రోజుల్లో నల్లబడే హైడ్రోజన్ సల్ఫైడ్ సీసా. ఈ పరీక్షను 1982లో ప్రచురించింది గ్వాలియర్‌లోని మన రక్షణ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులే. నీళ్ళు తోడే పని చేతితొడుగులు వేసుకుని మాస్టారు చేస్తే సరి. మలకోలిఫారం లెక్క మాత్రం ప్రయోగశాలలో కట్టాలి. స్నానానికి మన ప్రమాణం 100 మిల్లీలీటర్లకి 500. ఎంత మించినా 2,500 దాటకూడదు. గార్డెన్ రీచ్ దగ్గర ఏళ్ళ తరబడి నమోదైన అంకెలు దీనికి ఎన్నో రెట్లు. 2023లో గంగా పుష్కరాల పన్నెండు రోజులూ నదిలో మునిగినవాళ్ళకి ఈ ప్రమాణం ఎవరైనా చెప్పారా?

"గంగనీళ్ళు చెడిపోవని తెల్లదొరలే ఒప్పుకున్నారు కదా" అంటారు. నిజమే, 1896లో హాంకిన్ గంగ, యమున నీళ్ళలో కలరా క్రిములు చనిపోతున్నాయని రాశాడు. దాన్ని మనం దాచక్కర్లేదు. బాక్టీరియాని తినే ఫేజ్ వైరస్‌లు అందుకు కారణం కావచ్చు. అవి గంగ సొత్తు కాదు, ఏ మురుగులోనైనా ఉంటాయి. అంతకు పన్నెండేళ్ళ ముందు, 1884లో, కోహ్ కలరా క్రిమిని చూసింది ఇదే కలకత్తాలోని ఒక చెరువు నీళ్ళలో.

హేతువాద మిత్రులకీ ఒక మాట. కొలవకుండా "గంగ ఒట్టి మురుగు" అనడం కూడా లెడ్జరు చూసి సంతకం పెట్టడమే. ఏ రోజు, ఏ ఘాట్‌లో, ఆటులోనా పోటులోనా అన్నది రాసి, పక్కన అంకె వేసి, అప్పుడు మాట్లాడదాం.

రాజ్యాంగం 51-ఎ అధికరణలో (జి) క్లాజు నదులనీ సరస్సులనీ కాపాడమంటుంది. దాని పక్కనే ఉన్న (హెచ్) శాస్త్రీయ దృక్పథం పెంచుకోమంటుంది. రెండూ పక్కపక్కనే ఉన్నా మన బడులు మొదటిదాన్ని పోస్టరు మీద రాసి రెండోదాన్ని వదిలేస్తున్నాయి. కొలవకుండా కాపాడటం ఎలా?

ఈసారి మీ పిల్లవాడి బడి నదీయాత్రకి డబ్బు అడిగితే ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ఒకటే అడగండి: "బస్సులో టెస్టు కిట్టు ఉందా?"