వెనుకకు చూపిన వ్రేలు

పంట అమ్మిన సొమ్ము చేతికి వచ్చు దినములలో, మన తీరపు గ్రామములనుండి పట్టణమునకు పోవు రైతులకు ఒక పాత మోసము మరల మరల ఎదురగుచుండును. రైతు బ్యాంకులో సొమ్ము తీసికొని వీధిలోనికి వచ్చును. ఎవడో ఒకడు సమీపించి, "పెద్దాయనా, నీ డబ్బులు కింద పడిపోయినాయి చూడు" అని వెనుకకు వ్రేలు చూపును. తిరిగి చూడగా నిజముగనే నాలుగైదు పది రూపాయల నోట్లు నేలపై పడియుండును. వానిని ఏరుకొనుటకు వంగిన అర నిమిషములో మోటారుసైకిలుకు తగిలించిన సంచి మాయమగును. నోట్లకు మారుగా చొక్కాపై బురద చల్లి చూపుటయు, చక్రములో గాలి పోయినదని చెప్పుటయు గలదు. వేషములు వేరైనను జరుగు పని ఒక్కటియే.

మన సభ్యులలో ఒకరికి గడచిన సంవత్సరము ఇట్లే జరిగినది. ఊరును, పేరును ఇచట వ్రాయము; ఆయన కోరికయు అదియే. ఏబది ఏండ్లుగా సేద్యము చేయుచున్న మనిషి. నీటి పారుదల గూర్చిగాని, ఎద్దుల సుళ్ళు గూర్చిగాని ఆయనను మోసగింపగలవాడు మన చుట్టుపట్ల లేడు. సంచి పోయిన సంగతి ఆయన పోలీసు స్టేషనులో చెప్పలేదు, ఇంటిలో కుమారునికి చెప్పలేదు, సంఘములోను చెప్పలేదు. పంట ఋణము గడువు దాటిన పిమ్మట మన గుమాస్తా ఇంటికి పోయి అడుగగా, రెండు మాసములకు ఆ మాట బయటపడినది. "నలుగురిలో నవ్వులపాలు అవుతానని చెప్పలేదయ్యా" అని ఆయన అనెను. గడువు తప్పుటచే, సకాలమున ఋణము తీర్చిన వారికి లభించు నూటికి 3 రూపాయల వడ్డీ రాయితీయు ఆయనకు దక్కలేదు. సంచిలోని సొమ్మును దొంగ తీసికొనిపోగా, ఈ రాయితీని మాత్రము సిగ్గు తీసికొనిపోయినది.

మేము ఈ నాలుగు మాటలు వ్రాయుటకు ఆ సిగ్గే కారణము. వ్రేలు చూపిన వైపునకు తిరిగి చూచుట తెలివితక్కువతనమని మన గ్రామములలో అనుకొనుచున్నారు. మా అభిప్రాయము అది కాదు. "వెనుక చూడు" అని కేక వినబడినప్పుడు తిరిగి చూడనివాడు పొలములలో ఎక్కువ కాలము బ్రదుకడు. గట్టుమీద రక్తపింజరి యుండవచ్చును. కాలువకట్టపై ట్రాక్టరు జారుచుండవచ్చును. తుపాను దినములలో తాటిచెట్టు విరిగి పడుచుండవచ్చును. ఒకరి కేకకు మరియొకరు తిరిగి చూచుట వలననే మన పల్లెలు నిలిచియున్నవి. ఏడాది నిండీ నిండని పసిబిడ్డ సయితము తల్లి చూపిన వ్రేలి వెంట చూచును. చందమామను చూపి గోరుముద్దలు తినిపించుట ఆ గుణమును ఆధారము చేసికొనియే గదా! కన్ను చందమామపై నుండగా ముద్ద నోటిలోనికి పోవును. తల్లి మేలునకు వాడిన ఉపాయమునే వీధిలోని దొంగ కీడునకు వాడుచున్నాడు.

ఇది మనుష్యులకు మాత్రమే చెందిన విద్యయు కాదు. ఇసుక నేలపై గ్రుడ్లు పెట్టు తీతువు జాతి చిన్నపక్షులలో కొన్ని, కుక్కగాని నక్కగాని గూటిని సమీపించినపుడు, రెక్క విరిగినట్లు నటించుచు దూరముగా దేకుచు పోవును. శత్రువు దాని వెంట పడును, గ్రుడ్లు దక్కును.

చదువుకొనిన వారు ఇట్లు మోసపోరని తలచుటయు పొరపాటే. 1999 లో అమెరికాలో సైమన్సు, చాబ్రిసు అను ఇరువురు మనశ్శాస్త్రజ్ఞులు ఒక పరీక్షను ప్రకటించిరి. కొందరు బంతి ఆడుచున్న చలనచిత్రమును కళాశాల విద్యార్థులకు చూపి, తెల్ల చొక్కాలవారు బంతిని ఎన్నిసారులు అందించుకొనిరో లెక్కపెట్టుడని చెప్పిరి. ఆట నడుమ గొరిల్లా వేషము వేసికొనిన మనిషి యొకరు వచ్చి, రొమ్ము చరచుకొని, తాపీగా నడచిపోయెను. చూచినవారిలో సుమారు సగము మందికి ఆ గొరిల్లా కనబడనే లేదు. కన్ను తెరచియే యున్నది, వెలుతురున్నది, ఎదుటనే గొరిల్లా యున్నది. మనస్సు మాత్రము బంతి లెక్కలో నున్నది. అట్టి వారికే అది కనబడనప్పుడు, పది రూపాయల నోట్ల కొరకు వంగిన మన రైతును నవ్వుటకు ఎవరికి హక్కు కలదు?

లెక్క మాట వచ్చినది గనుక మరియొక సంగతి చెప్పవలెను. మన తాతల కాలమున వడ్లను కుంచముతో కొలిచెడివారు. మొదటి కుంచమును "ఒకటి" అనక "లాభం" అని, పిదప రెండు, మూడు అని గట్టిగా పలుకుచు కొలిచెడివారు. కుంచములు నాలుగైన తూము. తూములు ఇరువదియైన పుట్టి. అనగా పుట్టికి ఎనుబది కుంచములు. కొలత సాగుచుండగా నడుమ ఎవరైనను పలుకరించినచో పెద్దలు కసరుకొనెడివారు. ఊరక కసరుకొనుట కాదు. కొలతగాడు "నలుబది రెండు" అనుచుండగా వర్తకుని మనిషి "మీ పెద్దవాడికి ఎన్నో ఏడురా?" అని అడుగును, "ముప్పై" అని బదులు చెప్పి, కొలతగాడు "ముప్పై ఒకటి" అని సాగించును. రైతు ఆ మాటకు నవ్వుచుండగనే పండ్రెండు కుంచములు, అనగా మూడు తూములు, లెక్కలోనికి రాకుండ పోవును. ఇట్టి కథలు మన కళ్ళములలో ఎన్నియో వినియున్నాము.

1956 నాటి తూనికల, కొలతల చట్టము తర్వాత కుంచము పోయి కిలో వచ్చినది. కాని నెల్లూరు సీమలో పుట్టి పేరు మాత్రము పోలేదు. నేటికిని మనము వడ్లను పుట్టి లెక్కనే బేరమాడుదుము. పుట్టియన 850 కిలోలని అందరికిని తెలియును. అయినను కొన్ని కళ్ళములలో తేమ పేరునను, తాలు పేరునను, తరుగు పేరునను 850 కి మించి కిలోలు వేయించుకొని, దానిని ఇంకను పుట్టియనియే పిలుచుచున్నారు. బేరము జరుగునపుడు మాటలన్నియు వెల చుట్టును తిరుగును. ఉదాహరణమునకు, ఒకరు పుట్టికి 20,000 రూపాయలు ఇత్తుననియు, వేరొకరు 20,500 ఇత్తుననియు చెప్పిరనుకొందము. రెండవవాడు మంచివాడుగా తోచును. కాని మొదటివాడు 850 కిలోలు తూచి, రెండవవాడు 900 తూచినచో, మొదటివాని వెల కిలోకు సుమారు 23 రూపాయల 53 పైసలు. రెండవవానిది 22 రూపాయల 78 పైసలే. ఐదు వందల రూపాయల అదనపు వెలను చూపుట, నేలపై పడిన పది రూపాయల నోట్లను చూపుట వంటిదే.

తూకమునందును అంతే. 850 కిలోల పుట్టి 50 కిలోల బస్తాలుగా 17 అగును. బస్తాకు ఒక్క కిలో కాటాలో దాగినచో పుట్టికి 17 కిలోలు; పది పుట్లు అమ్ము వానికి 170 కిలోలు. ఆ ఒక్క కిలోను దాచుటకు పెద్ద యంత్రము అక్కరలేదు. సంచి కాటాపై నుండగా "ఆ బస్తా చినిగినట్లుంది, చూడు" అని ఒక మాట చాలును. రైతు చినిగిన బస్తా వైపు చూచును. అంకె వ్రాయువాడు వ్రాసికొనును. కాటా అంకెలు కనబడు ముఖము రైతు వైపు లేక వర్తకుని వైపు తిరిగియున్న చోట్లు ఎన్ని గలవో సభ్యులే గుర్తుచేసికొందురు గాక. రొయ్యల గుంటల కడ కౌంటు తీయునపుడును ఇదే తంతు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుననుదానిపై వెల యంతయు ఆధారపడియుండగా, వలలోనుండి నమూనా తీయు క్షణముననే యజమానికి టీ గ్లాసు అందును.

ఇక కొంచెము కటువైన మాట. ఇట్టి దొంగతనము ఎచట జరిగినను మన ప్రాంతమున జనులు వెంటనే ఒక ఊరి పేరు చెప్పుదురు. బిట్రగుంట సమీపమున బోగోలు మండలములోని కప్పరాళ్ళతిప్ప పేరు అట్లు సామెతవలె వాడబడుచున్నది. ఆ ఊరి చరిత్ర ఎందరికి తెలియును? 1871 నాటి నేరస్థ జాతుల చట్టము కొన్ని కులములను పుట్టుకతోనే నేరస్థులుగా ఎంచినది. 1911 చట్టముతో ఆ పద్ధతి మద్రాసు రాజధానికిని వచ్చినది. మన కావలి ప్రాంతమునను, నేడు బాపట్ల జిల్లాలోనున్న స్టూవర్టుపురమునను అట్టి వారిని ఉంచుటకు సెటిల్మెంట్లు ఏర్పడినవి. కావలిది అమెరికను బాప్టిస్టు మిషను నిర్వహించినది. స్టూవర్టుపురము సాల్వేషన్ ఆర్మీ చేతిలో నుండెను. అచటి జనులు హాజరు పట్టీలకు లోబడి, అనుమతి లేక ఊరు దాటరాదు. మద్రాసులో 1947 లోను, దేశమంతట 1952 ఆగస్టు 31 నను ఆ శాసనము తొలగింపబడినది.

శాసనము తొలగినను వ్రేలు చూపుట మానలేదు. ఒక ఊరిలో కొందరు నేరము చేసిన, ఆ కొందరిని న్యాయస్థానము విచారించును. ఊరంతయు దొంగలని చెప్పుట ఎట్టి న్యాయము? ఆ ఊరి పేరు చెప్పుకొని బడికి పోవు పిల్లవాడును, పనికి పోవు యువతియు ఏమి పాపము చేసిరి? మరియు, దూరముననున్న ఊరివైపు మనము చూచుచున్నంతసేపు మన యెదుటనున్న కాటాను చూడము. వీధి దొంగ సంచితో పోవును. కాటావాడు మన కళ్ళమునకే ఏటేట వచ్చి, మనచే నమస్కారము పెట్టించుకొని పోవును. రెండింటిలో ఏది పెద్ద నష్టమో పుస్తకము పట్టి లెక్కవేసికొందుము గాక.

ఇపుడు చేయవలసినది ఏమి? తిరిగి చూడవద్దని రైతునకు బోధించిన ప్రయోజనము లేదు, అది మానవస్వభావము. రెండవ జత కండ్లుండుటయే మార్గము. సొమ్ము తెచ్చుటకు ఇరువురు పోవలెను. ఒకరు ఏమి విన్నను, ఏమి చూచినను సంచిపై చేయి తీయరాదు. అంతకంటె మేలు, వడ్ల సొమ్మును నేరుగా ఖాతాలోనికి వేయించుకొని, ఋణపు వాయిదా అచటనుండియే చెల్లించుట. టెలిఫోనులో "మీ ఖాతా ఆగిపోవుచున్నది" అని బెదరించి ఓటీపీ అంకెలు అడుగువాడును వెనుకకు వ్రేలు చూపువాడే. అట్టి పిలుపునకు బదులు చెప్పక పెట్టివేయుడు. సొమ్ము పోయినచో అదే గంటలో 1930 నంబరుకు చెప్పుడు. ఆలస్యమైనకొలది ఆ సొమ్మును ఆపుట కష్టమగును.

తూకము కడ మాత్రము సంఘమే నిలువవలెనని మా నిశ్చితాభిప్రాయము. మన పాలకవర్గములో కొందరు దీనికి అడ్డు చెప్పుచున్నారు. ఋణమిచ్చుట, రాబట్టుట సంఘము పనియనియు, కళ్ళములలో కావలి కాయుట కాదనియు వారి వాదము. 1904 లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది ఒంటరి రైతు వడ్డీవ్యాపారి యెదుట నిలువలేడను కారణము చేతనే. కాటా యెదుట ఒంటరిగా నున్న రైతు స్థితి అంతకంటె వేరు కాదు. పుట్టికి 17 కిలోలు పోగొట్టుకొనినవాడు మన ఋణమును దేనితో తీర్చును? ఖర్చు విషయమున వారి సందేహము న్యాయమైనదే. గ్రామమునకొక జీతగాని నుంచు శక్తి మనకు లేదు. అందుచే జీతము లేక, ఇరుగుపొరుగు సభ్యులే వంతులవారీగా ఒకరి తూకము కడ నొకరు కూర్చుండవలెనని కోరుచున్నాము. కూర్చున్నవాడు సంచులు మోయడు, బేరమాడడు, పలుకరింపులకు బదులీయడు. కాటా సున్న చూపుచున్నదో లేదో మొదట చూచి, బస్తా వెంట బస్తా అంకెను తన పుస్తకములో వ్రాయును. కాటాపై తూనికల శాఖవారి ముద్ర లేనిచో తూకము ఆపి, సంఘమునకు తెలుపును.

రానున్న ఎడగారు కోతలకు ఈ పద్ధతిని మూడు గ్రామములలో మొదలుపెట్టవలెనని సర్వసభ్య సమావేశమున ప్రతిపాదింపనున్నాము. సంచి పోగొట్టుకొనిన పెద్దాయన తన గ్రామమున మొదటి వంతు తనకే ఇమ్మని అడిగియున్నారు. నీడన ఒక కుర్చీ వేయవలెననియు, కడపటి బస్తా దిగువరకు తనకు ఎవరును టీ ఇయ్యరాదనియు మాత్రము ఆయన షరతు పెట్టిరి.